ఎల్‌వుడ్ టార్ పొద్దుటి డబ్బా

వూస్టర్ పట్నంలో పాతికేళ్ళుగా ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఎల్‌వుడ్ టార్ ఓట్సు, చిక్కుడు గింజలు, క్యాబేజీ తింటాడు. జలుబు చేసినా మాత్ర ముట్టడు. ఏడాదిగా రోజూ పొద్దున్నే కడుపు బిగబట్టుకుని, పొట్టి పొట్టి అడుగులతో ఆసుపత్రికి వెళ్ళి, రోగుల పేగుల్లోకి ఎక్కించడానికి తన మలం డబ్బాలో ఇచ్చి వస్తున్నాడు. వందమందిని పరీక్షిస్తే ముగ్గురే పనికొచ్చారు, అందులో తనొకడు. పోస్టాఫీసులో తనతో పనిచేసే గస్‌కి మాత్రం ఇదే కాలక్షేపం. "వచ్చాడ్రా మారాజు! ఇవాళ ఎంత తూగింది?" అంటాడు. ఎల్‌వుడ్ నవ్వి ఊరుకుంటాడు.

మొన్న గురువారం నర్సు రమోనా డబ్బా తూచి, గొంతు తగ్గించింది. "పేరు చెప్పకూడదు గానీ, వేసవిలో మీరిచ్చింది ఒకావిడకి ఎక్కించారండీ. మందులు వాడీవాడీ కడుపులో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, రోగాన్ని తట్టుకునే శక్తే లేకుండా పోయింది. ఏడు నెలలు మంచం మీదే. మీ బ్యాక్టీరియా వెళ్ళి అక్కడ కాపురం పెట్టి, చెడ్డదాన్ని తరిమేసింది. నిన్న తన కాళ్ళమీద నడిచి ఇంటికెళ్ళింది!" ఎల్‌వుడ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. పోస్టాఫీసులో అడుగుపెట్టగానే గస్ మామూలుగానే అరిచాడు: "ఎంత తూగిందిరా?" ఎల్‌వుడ్ ఉత్తరాల సంచి భుజానికెత్తుకుని, గదంతా వినిపించేలా అన్నాడు:

"ఒక నిండు మనిషంత!"