బస్సు అనుకున్నాం

మా ఇంట్లో మాటలకు కరువు లేదు. ఉన్న కరువంతా మా పాప దగ్గరే. నాలుగేళ్లు నిండినా దాని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. మాటలు వస్తాయని మా అత్తమ్మ రోజూ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి దాని నాలుకకు రాసేది. "ఆ వస పాపకు కాదు, నీకు వట్టింది" అని మా ఆయన నన్ను ఆటపట్టించేవాడు. నిజమే, నేను నిద్రలో తప్ప నోరు మూయను. పాప వంతు కూడా నేనే మాట్లాడేదాన్ని. అయినా నాకు కావలసింది ఒకటే. అది నన్ను ఒక్కసారి అమ్మా అని పిలవాలి.

మా ఊరు నడిగూడెం దగ్గర. రెండు వేల ఎనిమిదిలో పాపను వారం వారం బస్సులో కోదాడకు తీసుకుపోయేదాన్ని. అక్కడ ఒక మేడమీద గదిలో, మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పే మేడం ఉండేది. థెరపీ అంటే సూదులూ కరెంటు వైర్లూ ఉంటాయనుకుని భయపడ్డాను. తీరా చూస్తే అన్నీ ఆటలే. సబ్బు బుడగలు ఊదడం, బల్ల మీద దూది ఉండలను స్ట్రాతో ఊదడం, పెదవికి తేనె రాస్తే అద్దంలో చూసుకుంటూ నాకడం. మేడం బిస్కెట్లను సీసాలో వేసి, మూత గట్టిగా బిగించి పాప ముందు పెట్టేది. తీసివ్వమని పాప ఎలాగోలా అడగాలి. చెయ్యి చూపినా సరే, కూత పెట్టినా సరే.

"అడిగేదాకా ఇవ్వకండమ్మా. అడక్కముందే అన్నీ అందిస్తుంటే ఇక పాపకు మాటతో పనేముంటుంది?" అంది మేడం.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్తమ్మకు మండిపోయింది. "నోరులేని పిల్లను అడుక్కొమ్మంటదా? గిదేం సదువు?" అంటూ నా ఎదురుగానే కొంగు చాటు నుంచి పాపకు మురుకు అందించింది. ఆమెది పెట్టే చెయ్యి. మామ అన్నం తింటూ, ఇక చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "బస్" అంటే, "గింతేనా తినేది" అని ఆ చేతి పక్కనుంచే ఇంకో గరిటె వడ్డిస్తుంది. మా ఇంట్లో ఆ మాటకు ఏనాడూ విలువ లేదు.

ఒక రోజు మేడం బొమ్మల బుట్టలోంచి ఎర్ర బస్సు తీసింది. పాపకు బస్సు ప్రయాణమంటే ఇష్టమని చెప్పింది నేనే. "బస్సొచ్చింది, చూడు చూడు, బస్సు" అంటూ దాన్ని బల్ల మీద అటూ ఇటూ నడిపించింది. పాప కాసేపు చక్రాలు తిప్పింది. తర్వాత మొహం తిప్పుకుంది. మేడం వదల్లేదు. చివరికి పాప ఆ బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి "బస్" అంది.

ఇక గదిలో పండగే. మేడం చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చేశాను. మెట్ల మీద పిల్లలతో కూర్చున్న తల్లులంతా లోపలికి తొంగిచూశారు. మిర్యాలగూడ నుంచి వచ్చే ఒకావిడ తన సంచిలోంచి బెల్లం ముక్క తీసి పాప నోట్లో పెట్టింది. తిరుగు దారిలో నేను బజారులో ఇంకో బస్సు కొన్నాను. గొర్రెలు అమ్మడానికి సూర్యాపేట పోయిన మామ అంతకంటే పెద్దది పట్టుకొచ్చాడు. ఇల్లు బస్సు డిపో అయిపోయింది. పాప "బస్" అన్నప్పుడల్లా మేము పరుగెత్తి ఒక బస్సు చేతికిచ్చేవాళ్లం. అది దాన్ని విసిరికొట్టి గుక్కపెట్టి ఏడ్చేది.

"దీనికి బొమ్మది గాదు, అసలు బస్సే గావాలె" అని మామ తీర్పు చెప్పాడు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ పాపకు పప్పన్నం తినిపిస్తోంది. పాప కంచం మీద చెయ్యి పెట్టి "బస్" అంది. "తెస్త బిడ్డా, తెస్త" అంటూ అత్తమ్మ లేచి, బస్సు తెచ్చి కంచం పక్కన పెట్టి, ఇంకో ముద్ద కలిపింది. పక్కనే మామ కంచం మీద కూడా చెయ్యి అడ్డంగా ఉంది. రెండు చేతులూ ఒక్క తీరే.

"అత్తమ్మా, అది బస్సు అడుగుతలేదు. సాలంటున్నది" అన్నాను.

అత్తమ్మ చేతిలోని ముద్ద గాల్లోనే ఆగిపోయింది. పాప ఆ ముద్దనూ మా మొహాలనూ మార్చి మార్చి చూసింది. తన మాటకు ఎవరైనా ఆగడం దానికి అదే మొదలు. "నా మాటకు ఇన్నేండ్ల సంది ఎవ్వలాగలే" అన్నాడు మామ. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే పాపను ఒళ్లోకి లాక్కున్నాను. పిల్ల నోరు విప్పి చాలు మొర్రో అంటుంటే, మేము ఇంకా ఇంకా పెడుతూ వచ్చాం.

మేడంకు చెబితే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "మా వైపు చాలు అంటామండీ, బస్ అనం. నాకసలు తట్టనే లేదు" అంది. అప్పటి నుంచి పాప "బస్" అనగానే మేడం తన చేతిలోని బొమ్మను బుట్టలో వేసేసేది. ఇక పాపకు పెత్తనం వచ్చింది. తల దువ్వబోతే బస్. స్నానానికి పిలిస్తే బస్. దూది ఊదమంటే, ఊదకముందే బస్.

అందరూ మురిసిపోయారు గానీ నాకు తృప్తి కలగలేదు. దానికి మాట వచ్చింది, ఆ మాటలో నేను లేను. అసూయ పడ్డాను కూడా, ఒక చిన్న మాట మీద. బలవంతపెట్టొద్దని మేడం చెప్పినా వినకుండా, ఇంటికొచ్చే బస్సులో దారి పొడవునా అదే పని పెట్టుకున్నాను. "అమ్మ అను. నా బంగారు గదా. ఒక్కసారి అను. అమ్మ."

ఒక సాయంత్రం పాప కిటికీలోంచి వరి పొలాలు చూస్తోంది. నా పాట నేను పాడుతూనే ఉన్నాను. అది మెల్లగా ఇటు తిరిగి, నా నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"అమ్మ, బస్."

ముందు సీట్లో గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. "అవు బిడ్డా, బస్సే. ఎక్కినవ్ గదా, ఇగ మంచిగ కూసో" అన్నాడు.

సంగతంతా ఆయనకు చెప్పాలని నోరు దురద పెట్టింది. కానీ నోటి మీద చెయ్యి ఉంది. ఊరు వచ్చేదాకా ఆ చేతి వెనకే నవ్వుతూ, ఏడుస్తూ, మాట్లాడకుండా కూర్చున్నాను.