తోమాసు చెప్పిన సాక్ష్యం

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మా ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తడంలో తోమాసును మించినవాడు లేడు. నరసాపురం రేవులో బస్తాలు మోసిన మనిషి. బావమరిది పిలిపించుకుంటే ఇక్కడికొచ్చాడు. "ఇదేం బరువు తమ్ముడూ, ఉప్పు బస్తా ఎత్తి చూడు, తెలుస్తుంది" అనేవాడు నాతో.

ఎనభై తొమ్మిదిలో, దుప్పట్లలో వాడిన సూదులు వస్తున్నాయని మా అందరికీ పచ్చకామెర్ల టీకా వేశారు. తోమాసుకు మరీ పైన, భుజం కీలు దగ్గర పొడిచింది నర్సు. ఆ వారం నుంచే కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. వానలు వెళ్ళిపోయాయి, చెయ్యి మాత్రం అలాగే ఉండిపోయింది. యూనియన్ వాళ్ళు జాక్లిన్ అనే లాయరును పెట్టి నష్టపరిహారం అడిగించారు. అది వస్తే ఇక బరువులెత్తకుండా బతకొచ్చు.

మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక గురువారాలు, దాన్ని నడిపే గిడియన్ గారింట్లో. అక్కడ తోమాసు భుజం మీద చేతులుంచి ప్రార్థన చేశారు. మాలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన అయ్యాక జబ్బు పేరు మళ్ళీ నోట రాకూడదు. బాగైపోయిందనే చెప్పాలి, అదే విశ్వాసం. తోమాసు లేచి, "ప్రభువు నా భుజం బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాతి వారం ఇన్సూరెన్సు వాళ్ళ డాక్టరు, భుజం ఎలా ఉందని అడిగితే తోమాసు అదే మాట చెప్పాడు. చెయ్యి ఎత్తి చూపించబోయాడు. సగంలో ఆగిపోతే పళ్ళ బిగువున ఇంకాస్త లేపి నవ్వాడట. డాక్టరు బాగుందని రాసుకున్నాడు.

ఇన్సూరెన్సు వాళ్ళతో రాజీ మాటల రోజు నేనే తోమాసునూ భార్యనూ కారులో తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళే ముందు జాక్లిన్ బతిమాలింది. "మీ చర్చిలో అలా చెప్పడం అలవాటని చెప్పండి. ఇంకా నొప్పిగానే ఉందనండి. అంతే చాలు."

తోమాసు తల అడ్డంగా ఊపాడు. ఆయన భార్య సువర్ణకుమారి ఉండబట్టలేకపోయింది.

"ఏవండీ, పొద్దున ఈ చొక్కా గుండీలు పెట్టిందెవరు? ప్రభువా, నేనా?"

"ఊరుకోవే. దేవుడి ముందు అన్నమాట వీళ్ళ ముందు కాదనమంటావా?"

"మీకు నొప్పని దేవుడికి తెలుసండీ. తెలియంది వీళ్ళకే."

ఆయన తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. లోపల అడిగినప్పుడు కూడా బాగుందనే అన్నాడు. వాళ్ళు ఇస్తామన్న కాస్తకే ఒప్పుకుని ఎడమచేత్తో సంతకం పెట్టాడు.

భుజం బాగుందని కాగితం ఉంది కదా, మళ్ళీ తడి దుప్పట్ల దగ్గరే నిలబెట్టారు. మోకాలితో తోస్తూ, ఎడమచేత్తో లాగుతూ క్రిస్మస్ దాకా నెట్టుకొచ్చాడు. తర్వాత రావద్దన్నారు. సువర్ణకుమారి ఒక మోటెల్లో గదులు తుడిచే పనికి కుదిరింది.

తోమాసు ఇప్పటికీ కూడికకు వస్తాడు, పాటలు పాడతాడు. భుజం ఎలా ఉందని మాలో ఎవరం అడగం.