వైరస్‌కు ఆహార సంచి

ఇప్పటి పిల్లలకు ఏది కావాలన్నా ఫోన్ల దొరుకుతది. నేను కరీంనగర్ల డిగ్రీ చదివే ఆ రోజుల్ల మాత్రం సగం చదువు పుస్తకాల నుంచి వచ్చేది, సగం మీది క్లాసు అక్కల నుంచి వచ్చేది. ప్రాక్టికల్ రికార్డు సంగతైతే అడగనే వద్దు. మా లేడీస్ హాస్టల్ల రికార్డు సొంతంగ గీసిన పిల్ల ఉన్నదంటె నేను నమ్మ. అక్క రికార్డు చూసి మేం గీసేది, మేం పోయేటప్పుడు మాది చెల్లెండ్లకు ఇచ్చేది (పాత చీరె ఇచ్చినట్టే, జర వెలిసినా పనికొస్తది). ఎన్నేండ్ల సంది ఇట్ల నడుస్తుందో ఎవ్వరికీ తెల్వది, ఎవ్వరూ అడగలే గుడ.

మా ఇల్లు మందమర్రిల, కంపెనీ క్వార్టర్ల. బాపు బొగ్గుబాయిల పని. నేను ఆఖరి ఏడాదిల ఉన్నప్పుడు, "ఈసారి డిగ్రీ ఒడగొట్టు బిడ్డా, వచ్చే ఏడాది నేను నౌకరి దిగిపోతున్న, ఇంకో ఏడాది హాస్టల్ల ఉంచుడు నాతోని కాదు" అని ముందే చెప్పిండు. కోపంతోని గాదు, ఉన్న మాట చెప్పిండు. రికార్డు మీద మేడం సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానియ్యరు, పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. అందుకని నేను మస్తు శ్రద్ధగ గీసిన, అంటె మస్తు శ్రద్ధగ చూసి గీసిన. మీది క్లాసు అక్క నాకు ఇచ్చిపోయిన రికార్డుల ఒక వైరస్ బొమ్మ ఉండె: పెద్ద తల, సన్నటి తోక, కింద సాలెపురుగు లెక్క ఆరు కాళ్లు. తోకకు ఎడమ పక్కన ఒక గుండ్రం, దాంట్ల చుక్కలు. దానికి పేరు రాసి లేదు. పేరు లేకపోతే మార్కు పోతదని నాకు భయం. ఆలోచించి ఆలోచించి, బాణం గుర్తు గీసి 'ఆహార సంచి' అని రాసిన. నా తెలివికి నేనే మురిసిపోయిన.

నా గీత మంచిగుంటదని క్లాసు క్లాసంతా నా రికార్డు మీదనే వడ్డరు. అందరికంటె ముందు తీస్కపోయింది నా రూమ్మేటు, ఇచ్చోడ పిల్ల. ఏ పనైనా ఉరుకులాటే, అందుకే దాన్ని జల్ది అనేటోళ్లం. అది నా బట్టలు పిండేది, నేను దానికి రికార్డు ఇచ్చేది. జల్ది ఆరు కాళ్లు గీసేంత ఓపిక లేక నాలుగుతోనే ఆపింది. నాలుగు కాళ్లయితే తొందరగ అయిపోతదని సగం క్లాసు జల్ది దగ్గర చూసి గీసింది. అందరం గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు వడి గీసినం.

మా మేడంకు మేం భూతద్దం అని పేరు పెట్టినం. ఏ కాయితం ఇచ్చినా భూతద్దం పెట్టి చూసేది. రికార్డులు తీస్కపోయిన రెండో రోజు మమ్మల్నందరిని ల్యాబుకు పిలిచింది. పోయి చూస్తే ముప్పై రికార్డులు, ముప్పై వైరసులు, ముప్పై ఆహార సంచులు బల్లల మీద పరిచి ఉన్నయి.

"వైరస్‌కు నోరే లేదు, సంచి ఎక్కడిది? ఏమన్న అంగడికి పోతదా?" అన్నది మేడం. మేం దొంగకు తేలు కుట్టినట్టు నిలవడ్డం. మేడం రికార్డులు అటిటు జరిపింది. నాలుగు కాళ్లయి ఒక పక్క, ఆరు కాళ్లయి ఒక పక్క. "వీళ్లంతా ఈ పిల్ల నుంచి" అని జల్దిని చూపెట్టింది. ఒక పిల్ల బొమ్మకు కాళ్లు జల్దియి, తల మీద గీతలు నాయి. "నువ్వు రెండిండ్ల తిన్నవు" అన్నది. ఆఖరికి అన్ని దారులు నా బల్ల దగ్గరికే వచ్చినయి.

"ఈ సంచి ఎక్కడినుంచి వచ్చిందో చెప్తేనే సంతకాలు. లేకపోతే ఎవ్వరికీ లేవు."

క్లాసు క్లాసంతా నా దిక్కే చూస్తున్నరు. నాకు బాపు మొఖం కండ్ల ముందట తిరుగుతుంది. అక్క పేరు చెప్పొద్దు, అందరిని కాపాడాలె అనుకొని, "నేను మైక్రోస్కోపుల చూసిన మేడం" అన్న.

"మన కాలేజీ మైక్రోస్కోపుల? దాంట్ల ఉల్లిగడ్డ పొర కనవడుడే కష్టం, నీకు వైరస్ కనవడ్డదా?"

"కనవడ్డది మేడం" అన్న (అబద్ధం ఒక్కసారి నోట్ల నుంచి ఎల్లినంక మల్ల ఎట్ల మింగుతం?). జల్ది ఫక్కున నవ్వింది. నేను బోరున ఏడ్చిన. ఏడ్చుకుంటనే హాస్టలుకు ఉరికి అక్క రికార్డు తెచ్చి మేడం చేతుల పెట్టి, గుండ్రం అక్కది, పేరు నాది అని ఒప్పుకున్న.

మేడం గా గుండ్రం మీద భూతద్దం పెట్టి శానసేపు చూసింది. లేచి పోయి బీరువాల నుంచి అట్ట చినిగిన పాత రికార్డు ఒకటి తీసింది. మేడం గుడ గదే కాలేజీల చదివిందని మాకు అప్పటిదాక తెల్వదు. గదే పేజీ, గదే వైరస్. తోకకు ఎడమ పక్కన గుండ్రం లేదు. పసుప్పచ్చటి నూనె మరక ఉంది, దాంట్ల రెండు ఆవగింజల గుర్తులు.

"మామిడికాయ తొక్కు" అన్నది మేడం. "నన్ను కన్న మా అవ్వ సద్ది కట్టిచ్చింది. తెల్లారితే పరీక్ష అనంగ తినుకుంట గీసిన. ఈ రికార్డు గుడ నేను ఓ చెల్లెకు ఇచ్చిన, మల్ల తెచ్చుకున్న." నవ్వుతుందో ఏడుస్తుందో మాకు సమజ్ కాలే. "మా అవ్వ పోయి శానేండ్లాయె. తొక్కు బొట్టు మాత్రం ముప్పై ఇండ్ల పెరుగుతుంది చూడు."

తిడుతదనుకున్నం, పాఠం చెప్పింది. "వైరస్ గుడ మీ లెక్కనే. దానికి తెలివి లేదు, ఉట్టి నకలు కొట్టుకుంట పోతది. నకలు కొట్టంగ తప్పులు వస్తయి, శాన తప్పులతోని అదే సస్తది, ఎన్నడో ఒకటి కలిసొస్తది. నాలుగు కాళ్లు మంచియని పెరిగినయా? తొందరగ అయితదని పెరిగినయి. ఇదివరకు వంశం అంటె చెట్టు గీసేది, కొమ్మ చీలితే చీలినట్టే. రెండిండ్ల తిన్న పిల్ల లెక్క వైరసులు గుడ కలిసి ముక్కలు మార్చుకుంటయి. అందుకే ఇప్పుడు చెట్టొక్కటే సరిపోదు, వల గుడ గీయాలె అంటున్నరు." మెల్లగ అన్నది: "ఇంకోటి. బయటినుంచి వడ్డ బొట్టు గుడ ఒక్కోసారి ఒంట్ల భాగమైపోతది. మనం అవ్వ కడుపుల ఉన్నప్పుడు మనకు తిండి అందించే మాయ ఉంటది గదా, దాన్ని తయారుచేసే జన్యువుల్ల ఒకటి ఎన్నడో ఒక వైరస్ మన ముందటోళ్లల్ల ఇడిచిపోయిందే. ఆహార సంచి అన్నవు గదా పిల్లా, మరీ అంత తప్పేం గాదు."

అందరితోని ఆ ఒక్క పేజీ మల్ల గీయించి సంతకాలు పెట్టింది. నా పాత పేజీ మాత్రం వాపసు ఇయ్యలే. "ఇది నాకుండనియ్యి" అన్నది. నేను పరీక్ష పాసైన, బాపు దిగిపోకముందే డిగ్రీ ఒడిసింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు బాపు పరేషాన్ అయ్యి, "గీ పురుగు కొత్త కొత్త రూపాలు ఎత్తుతుంది, దానికి గింత తెలివి ఎక్కడిది బిడ్డా?" అని అడిగిండు. ఈ కథంతా చెప్పిన. మాస్కు ఎనుక నుంచే నవ్వి, "అంటె దానికి బుద్ధి లేదన్నట్టు, నీ లెక్కనే" అన్నడు. గా భయంల మా ఇంట్ల నవ్వు వినవడ్డది గా ఒక్క రోజే. మేడంకు మనసుల దండం పెట్టుకున్న.

ఇప్పుడు నేను ఆసిఫాబాద్ల పిల్లలకు సైన్సు చెప్తున్న. రికార్డులు దిద్దేటప్పుడు నా కన్ను ముందుగాల తోకకు ఎడమ పక్కకే పోతది. అక్కడ ఏమీ ఉండదు, బొమ్మ సక్కగ ఉంటది, టిక్కు పెడత. పెట్టినంక జర దిగులైతది. ల్యాబుల నిలవడి వైరస్‌ను కండ్లార చూసిన అని చెప్పిన గా పిల్ల, అప్పటి నేను, యాదికొస్తది. దాన్ని కోప్పడబుద్ధి కాదు. అది చెప్పింది అబద్ధమే, కానీ గా అబద్ధంతోనే ఒక బిడ్డకు వాళ్లవ్వ తొక్కు మల్ల దొరికింది.