సామాన్య సభ్యురాలు

మా మేనత్తకు రెండు ఉద్యోగాలు. ఒకదానికి జీతం ఉంది, రెండోదానికి టీ, బిస్కెట్లు ఉన్నాయి. మొదటిది విశ్వవిద్యాలయం వెనక గేటుకు ఎదురుగా ఉన్న డ్రైక్లీనింగ్ దుకాణంలో కోట్లూ కర్టెన్లూ ఇస్త్రీ చేయడం. రెండోది ఆ విశ్వవిద్యాలయంలోనే, పరిశోధనలకు అనుమతులిచ్చే కమిటీలో కూర్చోవడం. మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఆ కమిటీ ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఒక లాయరు ఉంటారు. వాళ్ళతోపాటు విశ్వవిద్యాలయంతో గానీ చదువులతో గానీ ఏ సంబంధమూ లేని మనిషి ఒకరు ఉండి తీరాలని నియమం. ఆ మనిషి లేకపోతే ఏ నిర్ణయమూ చెల్లదు. ఆ కుర్చీలో కూర్చున్నావిడను సామాన్య సభ్యురాలు అంటారు. మా నాన్న మాత్రం అక్కను ఏడిపించడానికి 'అసామాన్య సభ్యురాలు వచ్చింది, లేచి నిలబడండి' అనేవాడు.

అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న రిటైర్డు పోస్టుమాస్టరు ప్రతి సమావేశంలోనూ గురకపెట్టేవాడట. ఆయన మానుకున్నాక, కోటు మీద సిరా మరక వదిలించుకోవడానికి దుకాణానికి వచ్చిన కమిటీ అధ్యక్షుడు, ఒక ముసలి డాక్టరు, అత్తను ఎంతవరకు చదువుకున్నారని అడిగాడు. పదో తరగతి తప్పానంది. అయితే మాకు కావలసింది మీరే అన్నాడు. అది పొగడ్తో తిట్టో అత్తకు తెలియలేదు. అయినా ఒప్పుకుంది. మర్యాదగా అడిగితే కాదనలేకపోవడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

అప్పటినుంచి ప్రతి నెలా ఒక కాగితాల కట్ట ఇంటికి వచ్చేది. పగలంతా నిలబడి వాచిపోయిన కాళ్ళను స్టూలు మీద పెట్టుకుని, అన్నం తిన్న తర్వాత అత్త ఆ కట్ట చదివేది. అంతరిక్షంలో మనుషుల ఎముకలు ఎలా గుల్లబారతాయో తెలుసుకోవడానికి కొందరిని తల కిందికి వాల్చిన మంచాల మీద వారాల తరబడి పడుకోబెడతామని ఒకరు రాసేవారు. ముసలివాళ్ళు తూలితే చెప్పు కిందినుంచి హెచ్చరించే యంత్రం చేశాం, తొడిగి చూస్తామని ఇంజనీర్లు. మనస్తత్వశాస్త్రం వాళ్ళు ముందు ఒక అబద్ధం చెప్పి, మనిషి ఏం చేస్తాడో చూసి, తర్వాత నిజం చెబుతామని. ఈ చివరివాళ్ళ కాగితాలు చదివినప్పుడల్లా అత్త, దీనికి చదువెందుకు, మా దుకాణం యజమాని రోజూ చేసే పనేగా అనేది.

ఆవిడ ఏదో మహా తెలివిగలదని చెప్పడం నా ఉద్దేశం కాదు. సగం అర్థమయ్యేవి కావు. ఒకసారి ఆ వాలు మంచాల మీద దుప్పట్లు ఎవరు మారుస్తారు, ఎలా మారుస్తారు అని పట్టుబట్టి ఆ పరిశోధనను నెల రోజులు ఆపించింది. దానికి అక్కడ వేరే మనుషులున్నారని తర్వాత తెలిసి సిగ్గుపడింది. ఆవిడ చేయవలసిన పని నిజానికి ఒక్కటే. పరిశోధనలో చేరేవాళ్ళు సంతకం పెట్టే అంగీకార పత్రం చదివి, ఇది మాలాంటి వాళ్ళకు అర్థమవుతుందా లేదా చెప్పడం.

అమ్మ పోయాక అత్తే మమ్మల్ని చూసుకుంటోంది. నాన్న సిటీ బస్సు నడిపేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చి మానేశాడు. మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి ఎక్కడానికి ప్రతి మలుపులో మెట్టు మీద కూర్చునేవాడు. అడిగితే, స్టాపులు ఉండాలి కదమ్మా, ఎక్స్‌ప్రెస్ కాదు కదా ఇది అని నవ్వేవాడు. ఆ నవ్వు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

ఒక రోజు ఆయన డాక్టరు దగ్గరినుంచి హుషారుగా వచ్చాడు. ఈ జబ్బుకు కొత్త మందు ఒకటి ఉందట. విశ్వవిద్యాలయం ఆసుపత్రిలోనే పరీక్షించి చూడబోతున్నారట. కమిటీ ఒప్పుకోగానే మొదలుపెడతారట, మొదటి పేరు నాన్నదేనట. అయితే గొట్టంలోకి ఊది చూసే పరీక్షలో ఒక గీత దాటినవాళ్ళనే తీసుకుంటారు. నాన్న ఇప్పటికి ఆ గీతకు కాస్త పైన ఉన్నాడు, ఆలస్యమైతే చెప్పలేం అన్నాడట డాక్టరు. నాన్న అత్త వైపు తిరిగి, నీ కమిటీయే కదా అక్కా అన్నాడు.

తన వాళ్ళ సంగతి కమిటీ ముందుకు వస్తే ఆ సభ్యులు ముందుగానే చెప్పాలి, ఆ విషయం తేలేవరకు గదిలో ఉండకూడదు. అత్తకు ఆ నియమం తెలుసు. ఆ వారంలోనే చెప్పి ఉంటే ఆమె బదులు ఇంకొకరిని పిలుచుకునేవారు. చెప్పలేదు. మాట్లాడకుండా వెళ్ళి, ఒప్పుకుంటున్నట్టు చెయ్యి ఎత్తి వచ్చేద్దామని నిర్ణయించుకుందట. ఒక్కసారికి, తమ్ముడి కోసం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఆ రోజు గదిలో ఏం జరిగిందో అత్తే మాకు చెప్పింది. అక్కడి మాటలు బయట చెప్పకూడదు, కానీ ఆ రోజుకు ఆ నియమం కూడా పోయింది. ముందు వచ్చింది ఒక పాస్టరుగారి పరిశోధన. విశ్వాసి మంచి పౌరుడిగా ఎలా బతకాలన్నది ఆయన విషయం. చర్చి సంఘాల్లో తిరిగి అడగడానికి ప్రశ్నలు రాసుకొచ్చాడు. మీ ఇంటివాళ్ళకు మేలు చేసే పని అందరికీ పెట్టిన నియమానికి అడ్డొస్తే మీరు ఏది చేస్తారు అన్నది అందులో ఒకటి. మామూలు మనుషులకు ఈ ప్రశ్న అర్థమవుతుందా అని అధ్యక్షుడు అత్తను అడిగాడు. అర్థమవుతుంది, కానీ ఎవరూ నిజం చెప్పరు అంది. అందరూ నవ్వారట. ఆదివారం ఆదివారం ప్రార్థనకు వెళ్ళే మనిషి, ఆ నవ్వులో తానూ కలిసి టీ తాగింది.

తర్వాత నాన్న మందు వచ్చింది. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రంగులో ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వస్తుందో వాళ్ళకు చెప్పరు. ఈ సంగతి అంగీకార పత్రంలో నాలుగో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, తిప్పి తిప్పి రాసి ఉంది. ఇంకే రోజైనా అత్త దాన్ని తిప్పి పంపేది. తిప్పి పంపితే ఒక నెల పోతుంది. నాన్నకు ఆ నెల లేదు. సరేనంటే, దాన్ని చదివి అర్థం కాక మందు దొరికిందనుకుని సంతకం పెట్టే ముక్కూ మొహం తెలియని జనం ఉన్నారు. మీరేమంటారమ్మా అని అధ్యక్షుడు అడిగాడు. అత్త నాలుగో పేజీ అడుగు మళ్ళీ చదివింది.

చివరికి, "దీంట్లో మొదటి పేరు మా తమ్ముడిదండీ. ముందే చెప్పాల్సింది," అని లేచి నిలబడింది.

ఆవిడ వెళ్ళిపోతే ఆ రోజు సమావేశమే చెల్లదని అందరికీ తెలుసు. లాయరు కిటికీ వైపు చూశాడు. ముసలి డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మీరన్నది మాకెవరికీ వినబళ్ళేదమ్మా. కూర్చోండి," అన్నాడు.

మంచి మనిషి ఆయన. అత్త బయటికి వచ్చి, నడవాలో చెక్క బెంచీ మీద కూర్చుంది. సమావేశం వచ్చే నెలకు వాయిదా పడింది.

ఇదంతా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది. నాన్న విని, సరేలే, నెలేగా అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నువ్వు రచ్చ గెలిచి ఇంట్లో నిప్పు పెట్టావు అన్నాను. చెప్పాలనుకుంటే ముందు చెప్పాలి, దాచాలనుకుంటే చివరిదాకా దాచాలి, నీకు రెండూ చేతకాలేదు అన్నాను. అవునే, రెండూ చేతకాలేదు అని ఆవిడ స్టవ్ వెలిగించింది. అప్పటినుంచి ఆ నెలంతా మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గ్లాసులు, గిన్నెలే చప్పుడు చేసేవి.

తర్వాతి సమావేశానికి అత్త బదులు ఒక సంగీతం టీచరును పిలిచారు. పత్రం సరిచేయమని ఆ టీచరే చెప్పిందట. సరిచేశారు, ఒప్పుకున్నారు. నాన్నను పరీక్షకు రమ్మన్నారు. అత్త దుకాణానికి సెలవు పెట్టి వచ్చింది. నేనూ వెళ్ళాను.

నాన్న గొట్టంలోకి ఊదాడు. నర్సు ఇంకొకసారి అంది. ఊదాడు. ఆమె దయగా, కాసేపు కూర్చుని మళ్ళీ ఊదండి, తొందరేం లేదు అంది. ఊదుతుంటే ఆయన మెడ నరాలు తేలాయి, భుజాలు చెవులదాకా లేచాయి. గీత అందలేదు. నర్సు ఆ గొట్టాన్ని ఇంకో పేషెంటు కోసం విప్పి తుడుస్తూ, క్షమించండి అంది. నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది. పక్కన అత్తే ఉంది.

బయట నడవాలో మా తర్వాత పిలిచే మనిషి పత్రం చదువుకుంటున్నాడు. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో, మీకు అసలు మందు రాకపోవచ్చు అని ఉంది. అతను ఆ వాక్యం దగ్గర ఆగి, పక్కనున్న భార్యకు చూపించాడు. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు. నాన్న వాళ్ళనే చూస్తూ ఊపిరి కూడదీసుకున్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఒక్కటే ఉంది.

"బాగానే అచ్చువేశారు," అన్నాడు. "కానీ నాకు చిన్న అక్షరాలైనా సరిపోయేవక్కా."

అత్త ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. అత్త చేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు వరసగా ఉన్నాయి. ఆవిడ నా వైపు చూడలేదు.

"తెలుసురా," అంది. "ఆ రోజు నాకూ సరిపోయేవి. అందుకే లేచొచ్చేశాను."