జానెడు మీద నాలుగు వేళ్ళు: గణపవరంలో స్టీరింగ్ పనిముట్టు చేయించిన రోజు

ఆరేళ్ళుగా నా కారులో ముందు సీటు సువర్ణ టీచరు గారిది. నేను సైన్సు, ఆవిడ లెక్కలు. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టి, కొల్లేరు మధ్యలో చేపల చెరువుల గట్టు మీదికి దిగి, ఇద్దరం కలిసే స్కూలుకు వెళ్తాం. ఆ గట్టుకు రెండు వైపులా నీళ్ళే, పిట్టగోడ ఉండదు. పోయిన నెలలో ఒక మలుపు దగ్గర నేను స్టీరింగ్ తిప్పితే, కారు కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగింది. ముందు చక్రం గట్టు అంచు దాకా వెళ్ళి ఆగింది. సువర్ణ గారు మెల్లగా దిగి, చీర సర్దుకుని, "నీ మీద కోపం లేదు శాంతీ. ఈ కారు మాత్రం మళ్ళీ ఎక్కనమ్మా" అన్నారు. మర్నాటి నుంచి రెండు బస్సులు మారి, ప్రార్థన అయిపోయాక వస్తున్నారు. హెడ్మాస్టరు గారు ఆవిడను ఏమీ అనరు, గడియారం వైపు చూస్తారు. పక్కన ఖాళీ సీటు పెట్టుకుని నడపడం నాకు చాలా బాధగా ఉండేది.

ఏలూరులో ముగ్గురికి చూపించాను. ఒకాయన అలైన్‌మెంటు అని ఆరు వందలు తీసుకుని చేశాడు, ఏమీ మారలేదు. రెండో ఆయన టైర్లన్నాడు. మూడో ఆయన చక్రాలను తిప్పే స్టీరింగ్ రాక్ మొత్తం మార్చాలని, పాతిక వేలు దగ్గర పెట్టుకోమన్నాడు. ముగ్గురూ ఒట్టేసినంత నమ్మకంగా చెప్పడంతో ఎవరి మాట వినాలో తెలియలేదు. చివరికి స్పేర్ పార్ట్సు షాపాయన, "తాడేపల్లిగూడెంలో మెకానిక్ ప్రకాశరావు గారని ఉన్నారండీ. విప్పి చూస్తే గానీ నోరు విప్పరు" అన్నాడు. ఆ మాట నచ్చింది. రెండో శనివారం సెలవు కదా అని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు ఏలూరు దాటాను. తాడేపల్లిగూడెం హైవే మీద గంట ప్రయాణం. నేను నలభైకి మించకుండా నడిపి, భీమడోలులో టీకి ఆగి, ఎనిమిదిన్నరకు చేరాను. ప్రకాశరావు గారు తలుపంత మనిషి. నాకు టీ అందిస్తుంటే ఆయన అరచేతిలో గ్లాసు కనబడలేదు. కారు కిందికి దూరి, పది నిమిషాలకు బయటికొచ్చి, "రాక్ బానే ఉందండీ. లోపలి జాయింటు ఒక్కటే అరిగింది. పార్టు ఎనిమిది వందలు. భీమవరం నుంచి మధ్యాహ్నానికి తెప్పిస్తాను" అన్నారు.

"అయితే మార్చేయండి."

"పాతది ఊడదీయాలి కదండీ. అది లోపలెక్కడో ఉంటది, మామూలు స్పానరు వెళ్ళదు. గొట్టంలాంటి పనిముట్టు కావాలి. ఆన్‌లైన్లో అయితే వారం పడుద్ది. గణపవరంలో మా బావ దానయ్య గారు చెరువుల ఏరేటర్లు బాగుచేస్తారు, ఆయన చేసిచ్చేస్తారండీ."

పనిముట్టు ఎలా ఉండాలో నేల మీద సుద్దతో గీసి చూపించారు. జాయింటుకున్న కడ్డీ మొత్తం గొట్టంలోకి వెళ్ళాలి. గొట్టం మూతి ఆరు పలకలుగా ఉండి జాయింటును పట్టుకోవాలి. రెండో చివర నట్టు అతికిస్తే, దానికి స్పానరు పెట్టి తిప్పొచ్చు. నాకు సగం అర్థమైంది. ఆయన మళ్ళీ కారు కిందికి దూరి, కడ్డీ పక్కన చెయ్యి చాచి, "రాసుకోండి మేడమ్ గారూ. పొడవు జానెడు మీద నాలుగు వేళ్ళు. మూతి ఇరవై నాలుగు నంబరు నట్టంత" అన్నారు. బుద్ధిగా రాసుకున్నాను.

కారు అక్కడే వదిలి పల్లెవెలుగు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు, ముప్పావుగంటలో గణపవరం. దానయ్య గారి షెడ్డు నిండా, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చక్రాలే. ఆయన సన్నగా, పొట్టిగా ఉన్నారు. చీటీ చదివి, పాత ఏరేటరు పైపు ముక్క తీసి, దాని మీద చెయ్యి చాచి, పక్కన నాలుగు వేళ్ళు పెట్టి, సుద్దతో గీత గీసి కోసేశారు. పైపు చివరను ఎర్రగా కాల్చి, అందులో ఇరవై నాలుగు నంబరు నట్టు పెట్టి చుట్టూ సుత్తితో కొడుతుంటే, పైపుకు నట్టు ఆకారం వచ్చేసింది. రెండో చివర ఇంకో నట్టు వెల్డింగ్ చేశారు. మూడు వందల యాభై తీసుకుని, చేతిలో పెడుతూ అడిగారు. "మేడమ్ గారూ, ఇది కారులో ఎక్కడ పెడతారండీ?"

"మీకు తెలియదా?"

"నాకేం తెలుసండీ. మా బామ్మర్ది రాయించింది చేశాను."

పక్క మెస్సులో శీలావతి చేప పులుసుతో అన్నం తింటూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. చేసినాయనకు తెలియదు, చేయించిన నాకూ తెలియదు. వడ్డించే ఆవిడ చూసి, "కొత్త రకం పచ్చడి బండాండీ?" అంది. కాదని గట్టిగా చెప్పలేకపోయాను.

రెండింటికి గూడెం చేరాను. పనిముట్టు కడ్డీకి తొడిగితే, కడ్డీ కొస చివరి నట్టుకు తగిలి, మూతి జాయింటు దాకా వెళ్ళలేదు. ప్రకాశరావు గారు దాని మీద చెయ్యి చాచి, "ఇది జానెడుంటే ఎక్కువండీ" అన్నారు. దానయ్య గారికి ఫోన్ చేస్తే, "మేడమ్ గారి ముందే కొలిచాను బామ్మర్దీ. సరిగ్గా జానెడు మీద నాలుగు వేళ్ళు" అన్నారు. ఇద్దరూ కొలవడం నేను కళ్ళారా చూశాను. ఇద్దరూ అబద్ధమాడలేదు. మరి పైపు ఎక్కడ తగ్గింది? నా తల తిరిగిపోయింది. ఏమీ తోచక నా చెయ్యి కూడా చాచాను. నా లెక్కకు అది మూడో పొడవు. అప్పుడు వెలిగింది. జానలూ మూరలూ కొలతలకు ఎందుకు పనికిరావో ఆరో తరగతికి పాఠం చెప్పి వారం కాలేదు. బోర్డు మీద ఇద్దరు పిల్లల చేతులు పెట్టించి మరీ చెప్పాను. సిగ్గుపడుతూనే ఆ పాఠం సంగతి ఆయనకు చెప్పేశాను.

"మరి సైన్సు టీచరు గారూ, మీరైనా చెప్పాలి కదండీ" అన్నారు ప్రకాశరావు గారు, పాపం నవ్వకుండానే. ఎదురుగా గేట్లు చేసే షాపుకు ఆయనే వెళ్ళి, ఎంత తగ్గిందో తన నాలుగు వేళ్ళే పెట్టి చూపించి, పైపు మధ్యలో ముక్క అతికించుకొచ్చారు. ఈసారి మూతి పట్టింది. ఒక్క గుంజు గుంజితే పాత జాయింటు తిరిగింది. బయటికి తీస్తే ఊడబోయే పన్నులా కదులుతోంది. నాలుగున్నరకు పని పూర్తయింది. పార్టు, కూలీ, పనిముట్టు, అతుకు, అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు.

సోమవారం బస్టాప్ దగ్గర కారు ఆపి, జరిగింది దాచకుండా చెప్పాను. సువర్ణ గారు వంగి ముందు చక్రం వైపు ఓసారి చూశారు. తర్వాత ఎక్కి, తలుపు పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నారు. పనిముట్టు ఆవిడ ఒళ్ళో పెట్టాను. "ఈ అతుకేనా నువ్వు చెప్పింది?" అంటూ పిడి వదిలి, జాన చాచి కొలవడం మొదలుపెట్టారు. ఆవిడ చేతికి ఇంకో పొడవొచ్చింది. మళ్ళీ మొదటి నుంచి కొలిచారు. ఆ మలుపు వచ్చింది, కారు తిప్పగానే తిరిగింది, చెరువు వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ తలెత్తి, "మలుపు ఇంకా రాలేదేమే?" అన్నారు. "దాటేశామండీ" అన్నాను.

నిజం చెప్పాలంటే రాక్ గురించీ జాయింటు గురించీ నాకు ఇప్పటికీ సగమే తెలుసు. నెల రోజులు అందరి మాటలూ విని అయోమయపడ్డాను గానీ, వాళ్ళు చూపించిన చేతుల్ని సరిగ్గా చూడలేదు. మీరూ ఇలాంటి పనిమీద అటువైపు వెళ్తే సంచిలో ముప్పై సెంటీమీటర్ల స్కేలు పెట్టుకోండి. స్కేలు దొరక్కపోతే, కొలిచిన మనిషినే బస్సెక్కించి తీసుకెళ్ళండి.