చేబదులుకు వెళ్ళిన డచ్చాయన

ఆ రోజుల్లో నాకు తెలియనివి కూడా తెలిసినట్టే ఉండేవి. ఆ రోజులంటే మరీ వెనకటివి కావు, మెట్రో వచ్చి తార్నాక రోడ్డు మీద పొద్దంతా నీడ పడటం మొదలైన తర్వాతివే. వయసుకు అమ్మమ్మనే గానీ ఫుట్‌బాల్ విషయంలో అప్పుడే పలక పట్టిన పిల్లను. (అసలు పలకను నేను మూడో తరగతితోనే కింద పెట్టేశాను. అక్షరాలు మిగిలాయి, అదే లాభం.) ఏ మాటకైనా మా ఇంట్లో ఏ అర్థముందో లోకమంతా అదే ఉంటుందని నా నమ్మకం. ఆ నమ్మకం వల్ల నా మనవరాలి ఆట కొన్నాళ్ళు నా నోటి దగ్గర ఆగిపోయింది.

మనవరాలంటే మా పెద్దమ్మాయి కూతురు. అందరం బుడ్డి అంటాం, మనిషి మాత్రం దర్వాజాకు తల తగిలేంత పొడుగు. అమ్మానాన్నలు జనగామలో ఉంటారు. మా ఇంటాయన యూనివర్సిటీలో పనిచేసి రిటైరైనవాడు, ఇల్లు తార్నాకలో, పిల్ల కాలేజీ క్యాంపస్‌లో. అందుకని మా దగ్గరే ఉండి చదువుకునేది. పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండుకు పోయి, అక్కడ ఒక కోచ్ మేడం నడిపే క్లబ్బులో ఆడేది. దాని పని డిఫెండర్. అంటే అందరికంటే వెనక నిలబడి, వచ్చిన బంతిని ఆపడం. ఆ మాట విన్నప్పుడు నేనడిగింది ఒకటే, "నిలబడేదానికి బూట్లు ఎట్ల అరుగుతయే?"

ఆ పిల్లకు గురువు ఒక డచ్చాయన. టీవీలో కనిపించే మనిషి, ఆయనా డిఫెండరే. పేరు నాకు నోరు తిరగలేదు. ఆయన దేశం సముద్రం కంటే పల్లంలో ఉంటుందట, కట్టలు పోసి నీళ్ళను ఆపుకుని బతుకుతారట. నీళ్ళనే ఆపినవాళ్ళకు బంతి ఒక లెక్కా అనుకున్నాను. చేతులు ఖాళీగా ఉండి నోరు నడవడం మా ఇంట్లో కుదరదు. అందుకని ఆయన కథంతా బుడ్డి సాయంత్రాలు వెల్లుల్లి పొట్టు తీస్తూనే చెప్పింది. పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాడట. ఊరి క్లబ్బులో చేరితే కాళ్ళు నెమ్మదని ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టారట. (బెంచీ శిక్ష మా బళ్ళోనూ ఉండేది, కానీ నిలబెట్టేవారు.) చివరకు లోన్ మీద ఇంకో ఊరి క్లబ్బుకు పంపేశారని చెప్పింది.

"ఎంత అప్పు చేసిండు?" అన్నాను.

"ఆయన అప్పు చెయ్యలే అమ్మమ్మా. ఆయన్నే అప్పిచ్చిండ్రు."

నా చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది. చక్కెర చేబదులిస్తారు, చాటలు చేబదులిస్తారు, మనిషిని ఇవ్వడం నేనెక్కడా వినలేదు. అసలే చేబదులంటే నాకు పడదు. మా నిచ్చెన, మా ఇడ్లీ పాత్ర గేటు దాటవు. దాటితే సొట్టలతో వస్తాయి, లేదా రావు. (గల్లీలో నన్ను పిసినారి అంటారు. పేరు వాళ్ళ దగ్గరున్నది, ఇడ్లీ పాత్ర నా దగ్గరున్నది.) అయితే డచ్చాయన ఆ చిన్న ఊళ్ళో ఏడాది ఆడి, ఎక్కడ నిలబడాలో నేర్చుకుని, సొట్ట పడకుండానే తిరిగొచ్చాడట. తిరిగొచ్చి బాగా ఆడుతుంటే, జనవరి నెలలో వేరే దేశానికి ట్రాన్స్‌ఫర్ అయ్యాడట.

ట్రాన్స్‌ఫర్ అనే మాట మాకు కొత్త కాదు. మా వెనకింట్లో బదిలీల సారు ఉన్నాడు. కర్నూలు దిక్కు నుంచి ప్రభుత్వ ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి రిటైరైనాడు. ఎవరిని ఎప్పుడు బదిలీ చేయవచ్చో, చేస్తే ఎట్లా ఆపుకోవచ్చో ఆయనకు నోటికి వచ్చు. రోజూ పేపరు చదవడానికి మా వరండాలోకి వస్తాడు. (పేపరు కూడా గేటు దాటదు.) డచ్చాయన సంగతి చెబితే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "పిల్లోళ్ళ చదువుల మధ్యలో బదిలీ ఎట్ల చేసినారు వదినా? భార్యకు అదే ఊర్లో ఉద్యోగమేమో కనుక్కో." కనుక్కున్నాను. ఆమె అక్కడే పళ్ళ డాక్టరట. "అయితే ఆపుకోవచ్చునే," అని సారు చాలా నొచ్చుకున్నాడు, పైన ఎవరికో గిట్టక చేసిన పని అని తేల్చాడు. ఇద్దరం కాసేపు ఆ కుటుంబం గురించి బాధపడ్డాం.

ఇట్లా ఉండగా కోచ్ మేడం మా ఇంటికి వచ్చింది. కేరళలో ఒక ఆడపిల్లల జట్టులో డిఫెండర్‌కు కాలు విరిగిందట, బుడ్డిని ఒక సీజన్‌కు లోన్ మీద అడుగుతున్నారట. కూతురు, అల్లుడు ఫోనులో అమ్మ ఎట్లంటే అట్ల అనేశారు. బుడ్డి గోడకు ఆనుకుని నా నోటి వైపే చూస్తున్నది.

"మా ఇంట్ల వస్తువే చేబదులియ్యం మేడం. పిల్లనిస్తమా?" అన్నాను.

మేడం టీ తాగేసి లేచింది. పోయేముందు, వారంలోగా వాళ్ళకు జవాబు చెప్పాలని, ఒక్కసారి గ్రౌండుకు వచ్చి పిల్ల ఆట చూడమని అడిగింది. బుడ్డి ఏడవలేదు, అలగలేదు. రోజూ సాయంత్రం వచ్చి వెల్లుల్లి పొట్టు తీసి లేచిపోయేది. కథ లేకుండా పని తొందరగా అయ్యేది. ఆ తొందర నాకు నచ్చలేదు.

బదిలీల సారు పొద్దున క్యాంపస్‌లో వాకింగ్‌కు పోతాడు. ఒకరోజు ఆయన వెంట నేనూ పోయాను. గ్రౌండులో అందరూ పరుగెత్తుతున్నారు, మా పిల్ల నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. కానీ బంతి ఎటు తిరిగినా చివరకు వచ్చి దాని కాలికే తగులుతున్నది. కొట్టిన పిల్లలు తల పట్టుకుంటున్నారు. ఈ నిలబడే పనికి కేరళ దాకా ఎందుకు, ఇక్కడే నిలబడవచ్చు కదా అని మేడంను అడిగాను.

"ఎక్కడ నిలబడాల్నో తెలిసినోళ్ళు దొరకరమ్మా," అన్నది.

అప్పుడు సారు ప్రశ్నలు మొదలుపెట్టాడు. అక్కడికి పోయినా పేరు మీ క్లబ్బులోనే ఉంటుందా? పనిమంతురాలనే అడిగినారా? సీజన్ అయిపోతే తిరిగి మీ దగ్గరికేనా? మేడం అన్నిటికీ ఔనన్నది. సారు నా వైపు తిరిగాడు.

"మనం పొరబడినాం వదినా. ఇది చేబదులూ కాదు, బదిలీ కాదు. డెప్యుటేషన్."

ఉద్యోగస్తుల ఇళ్ళలో బతికినవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. బదిలీ అంటే శిక్ష, డెప్యుటేషన్ అంటే గొప్ప. పని తెలిసినవాణ్ణి వేరే ఆఫీసు కోరి తీసుకుపోతుంది. అతని అసలు ఆఫీసును మాతృశాఖ అంటారు, పని కాగానే అక్కడికే తిరిగి రావాలి. (మా ఇంటాయనను సర్వీసంతా ఎవరూ డెప్యుటేషన్‌కు అడగలేదు. ఆ వెలితి ఇప్పటికీ ఉన్నది, ఆయనకు కాదు, నాకు.) ఆ మాట ముందే చెప్పవచ్చు కదా అని మేడం మీద నిజంగానే కోపం వచ్చింది. బుడ్డి వారం తిరగకుండానే రైలెక్కింది. మా పిల్ల డెప్యుటేషన్ మీద పోయిందని గల్లీ అంతా చెప్పాను. ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందనుకుని ఇద్దరు ముగ్గురు స్వీట్లు అడిగారు.

సీజన్ అయిపోయింది. వాళ్ళు తనను అక్కడే ఉంచేసుకుంటామంటున్నారని బుడ్డి ఫోన్ చేసింది. వరండాలో పేపరు చదువుతున్న సారును అడిగాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, అట్లా కలిపేసుకోవడం కూడా ఉంటుందని, మాతృశాఖ అభ్యంతరం లేదని చెబితే చాలని అన్నాడు. గ్రౌండు దగ్గర ఈ ముక్క చెప్పలేదు.

"డచ్చాయన గూడ ఆఖర్కి ఊరి క్లబ్బుకే వచ్చిండు అమ్మమ్మా, ఆట బంద్ చేసే ముందు," అన్నది బుడ్డి.

ఎన్నేళ్ళకని అడిగాను. చెప్పింది. దానికి నా వయసు కలిపి చూసుకున్నాను. కుదిరే లెక్క కాదు. ఇంతలో అటు నుంచి ఎవరో పిలిచారు. బుడ్డి ఫోను పక్కకు పెట్టి నాకు తెలియని భాషలో ఏదో జవాబిచ్చి నవ్వింది, మళ్ళీ నా మాట కోసం ఆగింది.

"అభ్యంతరమైతే ఉన్నది," అన్నాను. "అయినా ఉండు."

ఫోన్ పెట్టేసిన చాలాసేపటికి గానీ, లెక్క ప్రకారం మాతృశాఖ కోచ్ మేడం క్లబ్బని, నేను కానని తోచలేదు. అంత గంభీరంగా అనుమతి ఇచ్చిన ఆ ముసలిదాన్ని తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. కానీ ఆ పిల్ల ముందు ఫోన్ చేసింది మాత్రం మేడంకు కాదు.