నా మెడ మీది ముత్యాలు

ఎనిమిదో తరగతి అయిన వేసవిలో నా మెడ వెనక ఐదు పొక్కులు లేచాయి. ముత్యాల్లా తెల్లగా, నున్నగా ఉండేవి. నొప్పి లేదు, దురద లేదు. సరిగ్గా అప్పుడే నాన్న మస్కట్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చారు, రెండేళ్ళ తర్వాత.

మా మామ్మ కంట పడితే నా పని అయిపోయినట్టే. ఒంటి మీద ఏది లేచినా ఆవిడకి అమ్మవారే. వేపమండలు పరిచి, మూలగదిలో మంచం వేసి, ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ఆ నెలంతా నాన్న గుమ్మం అవతలే ఉండిపోతారు. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. అందుకని జుట్టు మెడ మీదికి వదిలేసుకుని తిరిగాను. "ఇంత ఎండలో ఆ జుట్టేంటే?" అని మామ్మ తిట్టినా వినపడనట్టే ఉన్నాను.

రోజూ నాన్నా నేనూ కాలవలో మునిగి వచ్చి ఒకే తువ్వాలుతో తుడుచుకునేవాళ్ళం. బండారులంకలో నేసిన ఆ తువ్వాలుని ఆయన పెట్టెలో సర్దుకుని మరీ వెళ్ళారు.

వెళ్ళిన వారానికి పొక్కులు ఎర్రగా కందిపోయాయి. మామ్మ చూసేసి వీధంతా వినపడేలా కేకేసింది. అమ్మ నన్నూ మామ్మనీ అమలాపురం డాక్టరు గారి దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆయన చూసి నవ్వారు. "అమ్మవారు కాదండి. ఈ వైరస్సు మశూచికి దూరపు చుట్టం, ప్రాణం తియ్యదు గాని దొంగబుద్ధి అదే. 'దొంగొచ్చాడు' అని చర్మం పంపే కబురుని దారిలోనే పట్టేసి దాచేస్తుంది. ఒంట్లో కాపలావాళ్ళు హాయిగా పడుకుంటారు. ఇప్పుడు ఎర్రబడ్డాయంటే ఒంటికి మెలకువొచ్చింది, రాలిపోతాయి. ఒకళ్ళ తువ్వాలు ఇంకొకళ్ళు మాత్రం వాడకండి."

నేను ఫ్యాను కేసి చూశాను. మామ్మ "ఆయ్" అని తలూపింది గాని, ఇంటికొచ్చాక గుమ్మానికి వేపమండ కట్టనే కట్టింది. నాకైతే ఆ వైరస్సు మీద కోపం రాలేదు. ఆ నెలంతా నేను చేసిన పనీ అదే కదా!

రెండు నెలలకి, సెలవు మీద వచ్చిన వాళ్ళెవరి చేతనో నాన్న తన మాటలు రికార్డు చేసిన క్యాసెట్ పంపారు. అందరం టేప్‌రికార్డరు చుట్టూ కూచున్నాం. అందర్నీ పేరుపేరునా అడిగాక ఆయన గొంతు తగ్గింది. "అమ్మాయ్, మెడ మీద ఏవో తెల్లటి పొక్కులు లేచేయి. నొప్పేం లేదులే. మామ్మకి చెప్పకు, కంగారు పడుద్ది."

మామ్మ నా వైపు తిరిగింది. ఆ చూపుకి నా తల దానంతటదే వంగిపోయింది. ఎయిర్‌పోర్టులో నాన్న పెట్టె అంతా గాలించి ఆవకాయ సీసా లాక్కున్నారట. ఈ పొక్కులు మాత్రం పాస్‌పోర్టు లేకుండా దాటేశాయి. తప్పే, ఒప్పుకుంటాను. కానీ నాదంటూ ఏదో నాన్నతో అక్కడిదాకా వెళ్ళిందని ఆ రోజు నాకెంత సంతోషమేసిందో!